దూడ మబ్బు కింద నా తంగేడు

ఆబాన్ నెల, శనివారం, పెత్రమాసకు ముందు రోజు. హాజరైనవారు: ఉస్తాద్ (దుకాణం ముందు నులక మంచం మీద), మా బావ, మా అక్క, అక్క వెంట మా వాడకట్టు ఆడవాళ్ళు, మూడు కాళ్ళ కెమెరా, నేను. గాలి పడమటి నుంచి, కొద్దిగా. ఆకాశం మధ్యాహ్నం దాకా ఉత్త తెలుపు. సాయంత్రానిది రాయడానికి చోటు చాలదు.

పై మాటలు నా పాత డైరీలోవి. నిజాం సర్కారు కాలంలో బడిలో మాకు నేర్పిన నెలలు ఆజూర్, దై, బహమన్ అంటూ మొదలై ఆబాన్‌తో ముగిసేవి. ఆబాన్ వచ్చిందంటే మా వైపు తంగేడు పూసిందని లెక్క. ఆ రోజుల్లో అసూయపడదామన్నా మనిషికి సరైన వస్తువులు దొరికేవి కావు. మా వాడలో ఎవరింట్లో చూసినా రెండు ధోవతులు, నాలుగు ఇత్తడి గిన్నెలు, మహా అయితే ఒక గొడుగు. పక్కవాడి గొడుగును చూసి ఎంతకాలమని కుళ్ళుకుంటాం? అందుకే కాబోలు, ఇరవై ఏళ్ళయినా నిండని వయసులో నేను ఒక మబ్బును చూసి అసూయపడ్డాను. ఆ మబ్బు ఆకాశంలో ఉంటే ఏ బాధా లేకపోయేది, కాసేపటికి కరిగిపోయేది. అది మా ఊళ్ళో ఇంటింటి గోడ మీదా చట్రం కట్టించుకుని కూర్చుంది. దాన్ని తీసింది మా బావ.

ఇబ్రహీంపట్నం అంగడి బజారులో, ఊరంతా ఉస్తాద్ అని పిలుచుకునే పెద్దాయనకు ఫోటో దుకాణం ఉండేది. నేను ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరాను. ఏ ఫోటోకు కెమెరా మూత ఎంతసేపు తీశామో, ఎండ ఎట్లా ఉందో, కడిగే మందు ఎంత కలిపామో అంతా రాసిపెట్టేవాణ్ణి కాబట్టి ఆయన నన్ను మున్షీ, అంటే గుమాస్తా, అనేవాడు. (అది మెచ్చుకోలు అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ళ తర్వాత గానీ అనుమానం రాలేదు.) మా దగ్గరున్నవి పాతకాలపు గాజు ప్లేట్లు, వాటికి రెండు జబ్బులు. మనుషులు సరిగా పడేంతసేపు మూత తీస్తే పైన ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా పోయేది. అది ఒకటి. పసుపు రంగు కాస్తా నల్లగా పడేది, అది రెండోది. ఈ రెండో జబ్బు మా ఇంట్లోనే పెద్ద గొడవ తెచ్చింది. మా అక్క పెళ్ళినాడు ఉస్తాద్ కెమెరా నిలబెట్టి, పెళ్ళికూతురి ముఖం మీది పసుపు కాస్త తుడవమన్నాడు. మా అమ్మ ఆయన మీదికి లేచింది. "పెండ్లిపూట పిల్ల మొకం మీది పసుపు కడుగుతరా? గా మాట నోట్లకెట్ల వచ్చింది నీకు?" అంది. ఉస్తాద్ చెవులు పట్టుకుని ఫోటో దింపేశాడు. ఫోటో వచ్చాక చూస్తే అక్క ముఖం ఉండాల్సిన చోట ఒక నల్లటి గుండ్రం, అందులో రెండు కళ్ళు. "నా పెండ్లికి నేను రాలేదా ఏంది? నా జాగల పొయ్యి మీది కుండను కూసోబెట్టిన్రా?" అని అక్క ఆనాడు మొదలుపెట్టిన మాట ఏళ్ళ తరబడి ఆపలేదు. ఆ తర్వాత ఏ పెళ్ళి ఫోటోకైనా పెళ్ళికూతురి తల్లి కాళ్ళావేళ్ళా పడి, కడగడం కాదమ్మా ఊరికే అద్దడమేనని ఒట్టేసి, తడిగుడ్డ, పౌడరు డబ్బా అందించడం నా పనిగా మారింది. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

అదే పెళ్ళిలో ఇంకో ఘోరం జరిగింది. పెళ్ళికొడుకు, అంటే మా బావ, పీటల మీంచి లేచి బాసికం ఊడదీసి నల్లగుడ్డలో తల దూర్చాడు. "అరే ఉస్తాద్, పెండ్లంత తలకిందులు గొడ్తున్నదేంది?" అని లోపలి నుంచి అరిచాడు. చుట్టాలంతా నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. "దామాద్‌కు ఆంఖ్ ఉన్నది" అన్నాడు. అల్లుడికి చూపు ఉందట! నేను ఏడాది నుంచి ఆయన ప్లేట్లు కడుగుతున్నాను, నా కళ్ళ గురించి ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. మన్నెగూడ అవతలి పల్లెలో బావకు ఉన్న పొలం కొంచెమే. పండుగకని మా ఇంటికి వచ్చినవాడు ఉస్తాద్ దుకాణంలోకి దారి పట్టాడు, మళ్ళీ పొలం ముఖం చూడలేదు.

ఇక ఆ మబ్బు సంగతి. పటేలు ఎద్దుకు ఫోటో దింపమని ఉస్తాద్ బావను పంపాడు. కెమెరా నిలబెట్టేసరికి పెద్ద ఉరుము ఉరిమింది, ఎద్దు తాడు తెంపుకుని పారిపోయింది. "ప్లేటు ఖరాబు జేసుడెందుకని గా మబ్బును దింపిన ఉస్తాద్" అని బావ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ప్లేటు కడిగి చూస్తే నిండా మబ్బు, ఆ మబ్బుకు రెండు చెవులు, ఒక ముట్టె, ఎత్తిన తోక! అచ్చం గంతులేసే లేగదూడ. ఉస్తాద్ దానితో ఒక ఉపాయం చేశాడు. బయట దింపిన ఫోటోను కాగితం మీద ఎండలో అచ్చు వేసేటప్పుడు ఖాళీ ఆకాశం మీద నల్లకాగితం కప్పి, తర్వాత ఆ ప్లేటు తీసేసి మబ్బు ప్లేటు పెట్టి, ఈసారి కింది భాగం కప్పి మళ్ళీ ఎండలో ఉంచేవాడు. మనుషుల వెనక మబ్బు వచ్చి నిలబడేది. ఊరంతా దాని మీద పడింది. "మాకు గూడ దూడను పెట్టున్రి" అని అడిగి మరీ దిగేవాళ్ళు. నడివేసవిలో చెమటలు కారుతూ నిలబడ్డ పెళ్ళివారి వెనక దూడ. మక్కాకు పోయొచ్చిన హాజీ సాబ్ వెనక దూడ. పటేలు ఎద్దును రెండోసారి పట్టి తెచ్చి దింపితే, దాని వెనకే పిల్లలా నడుస్తూ దూడ. బజారులో నన్ను చూసినవాళ్ళు "దూడ మబ్బాయన బామ్మర్దివి గదా?" అనేవాళ్ళు. అవునని చెప్పడానికి నోరు రాక తల ఊపేవాణ్ణి.

ఇంట్లో మరీ కష్టం. మా అమ్మ, అక్క పెళ్ళి ఫోటోకు కూడా దూడను పెట్టించి వాకిట్లోకి కనబడేలా తగిలించింది. (అక్క ముఖం కనబడకపోయినా మబ్బు బాగా కనబడుతోందని ఆమె తృప్తి.) అన్నం దగ్గర బావకు నెయ్యి గిన్నె వంచేది, నాకు దూరం నుంచి చూపించేది. మధ్యాహ్నం ఆయన తువ్వాల పరచుకుని నిద్రపోతే "పాపం, మబ్బులు జూసి జూసి కండ్లు గుంజుతున్నయేమో" అనేది. నేను అదే వేళకు ఎండలో నిలబడి ఏ గంటకు నీడ ఎటు పడుతుందో రాసుకుంటుంటే "వీనికి ఎండదెబ్బ తగిలినట్టుంది" అనేది.

ఆ మబ్బు పెత్తనం పట్నం నుంచి వచ్చిన ఒక్క మాటతో కదిలింది. ఉస్తాద్ అప్పుడప్పుడు నిజాం ఉండే పట్నంలో ఒక దేవిడీకి, అంటే నవాబుల మహలుకు, ఫోటోలు దింపేవాడు. ఒకరోజు అక్కడి నుంచి తిరిగి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. "బేగం సాహెబా ఏమన్నరో ఎరికేనా? మీ ఊరి మీద ఒకటే మబ్బు తిరుగుతదా ఉస్తాద్, గీ దూడ మా వంటామె బిడ్డ పెండ్లి ఫోటోల గూడ ఉన్నది, అన్నరు. ఇజ్జత్ పోయింది" అన్నాడు. (ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నానని డైరీలో ఉంది.) దేవిడీ వాళ్ళు తమ దివాన్‌ఖానా గోడకు ఒక వెడల్పాటి బొమ్మ అడిగారు. వానలు వెనకబట్టే కాలంలో మా పెద్ద చెరువు పక్క అడవిపూలు, వాటి మీద నిండా ఆకాశం. షరతు ఒక్కటే. పూలూ మబ్బులూ ఒకే ప్లేటు మీద, ఒకేసారి పడాలి. దూడ కనబడకూడదు.

ఉస్తాద్ దగ్గర అలాంటి బొమ్మలకని ఒక కటకం ఉండేది. చౌడా షీషా అనేవాడు. మామూలు కటకం ఒక మనిషిని చూసే చోట అది చెరువునంతా చూసేది. దాన్ని ఆయన మెత్తటి మఖ్మల్ గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు, మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. ఇప్పుడేమో ఆయన కళ్ళకు పొర వచ్చింది, కెమెరా వెనక పాల అద్దం మీద బొమ్మ తేలిందో లేదో కనబడటం లేదు. ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తుండటం వల్ల పట్నంలో పెద్ద ప్లేట్లు దొరకడం లేదు, దుకాణంలో రెండే మిగిలాయి. మా ఇద్దరినీ మంచం ముందు నిలబెట్టాడు. "మున్షీకి ఒకటి, దామాద్‌కు ఒకటి. ఎవని బొమ్మ దేవిడీ గోడెక్కుతదో, చౌడా షీషా వానిదే. ఇగ ఊర్లు వాడు తిరుగుతడు. రెండోటోడు దుకాణంల కూసొని తడిగుడ్డ అందియ్యాలె" అన్నాడు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే బావకు వినబడిందేమోనని దగ్గాను. జీవితమంతా తడిగుడ్డ! అదీ బావ ఊళ్ళు తిరిగి వస్తే ఆయన కెమెరా తుడవడానికి!

ఆ షీషా వాడకం ఉస్తాద్ మాకు మాటల్లోనే నేర్పాడు. "చౌడా షీషాకు దగ్గరున్నోడు దొర, దూరమున్నోడు నౌకరు. దూరం నిలబడి చెరువును దింపితే చెరువు దారమంత వస్తది. పూవు దగ్గర మోకాళ్ళ మీద కూసో. పూవును ముక్కుకు తగిలేంత దగ్గర పెట్టు, దాని వెనక నీళ్ళు, దాని మీద మబ్బు. ఆస్మాన్‌కు రెండు పాళ్ళు, జమీన్‌కు ఒక పాలు" అని ఆకాశం ఎంతో, నేల ఎంతో మంచం పట్టె మీద వేలితో గీసి చూపించాడు. నేను పొల్లుపోకుండా రాసుకున్నాను. బావ చెవిలో పుల్ల తిప్పుకుంటూ విన్నాడు.

మర్నాటి నుంచి నేను రోజూ సాయంత్రం చెరువు కట్ట వెంట తిరిగాను. కట్ట దాటాక అలుగు పక్కన ఒక చిన్న ఎత్తు ఉంది. దాని ఒక వైపు వాలంతా తంగేడు. ఎంత విరగబూసిందంటే కొమ్మ కనబడదు, ఆకు కనబడదు, కరిగించిన బంగారం పోసినట్టు ఒకటే పసుపు. రెండో వైపు గునుగు. అది కంకుల్లా నిలబడి పైన గులాబీ, కింద తెలుపుగా ఉండే పూవు. దగ్గరికెళ్ళి చూస్తే అందంగానే ఉంటుంది కానీ తంగేడు పక్కన రాజు పక్క బంట్రోతులా కనబడింది. నేను తంగేడును ఎంచుకున్నానని వేరే చెప్పాలా? ఎక్కడ మోకాలు ఆనించాలో అక్కడ ఒక రాయి కూడా పాతాను. ఈ చోటు సంగతి బావకు తెలియకూడదని ఇంటికి రోజూ వేరే దారిన తిరిగి వచ్చేవాణ్ణి. బావ నన్ను ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం నన్ను ఇంకా మండించింది.

కానీ ఆకాశం సహకరించలేదు. రోజూ సాయంత్రం అటుకులు చల్లినట్టు నాలుగు తెల్లటి ముక్కలు, అంతే. చివరికి పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, ముందు రోజు శనివారం, మధ్యాహ్నం తిరిగాక పడమట నల్లగా ఒక అంచు లేచింది. ఉస్తాద్ చౌడా షీషా బిగించి ఇచ్చిన కెమెరా భుజాన వేసుకుని నేను పరుగెత్తాను. మూడు కాళ్ళూ పాతి, నల్లగుడ్డలో తల పెట్టి చూసేసరికి పాల అద్దం మీద తలకిందులుగా లోకం కనబడింది. పైన నా తంగేడు, కింద మబ్బుల కొండలు. ఆ కొండలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. వాటి సందుల్లోంచి ఎండ జల్లెడ పట్టినట్టు చెరువు మీద పడుతోంది. నీళ్ళు ఒకచోట వెండి, ఒకచోట సీసం. ఆ క్షణంలో బావను కూడా క్షమించగలిగేవాణ్ణే. సరిగ్గా అప్పుడే వెనకనుంచి గాజుల చప్పుడు. మా అక్క, మా పక్కింటి చిన్నవ్వ, వాళ్ళ వెంట వాడకట్టంతా, చంకలో గంపలతో ఎత్తు ఎక్కి వస్తున్నారు. తెల్లవారితే ఎంగిలిపూల బతుకమ్మ, పూల పండుగ మొదటి రోజు!

ఇన్ని లెక్కలు కట్టిన నేను ఆ ఒక్క లెక్క మరిచిపోయాను. చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

"ఆగున్రి! ఎవ్వలు లోపటికి రావొద్దు!"

"ఏందిరా? మీ బాపు కొన్నడా గీ గుట్టను?" అంది చిన్నవ్వ.

"కొనలే. ఫోటో దింపుతున్న."

"ఎవలకు? ఈడ ఒక్క మనిషన్న లేకపాయె."

"మనుషులకు గాదు చిన్నవ్వా. పూలకు, మబ్బుకు."

అందరూ గంపలు దింపి నవ్వారు. "పూలకు ఫోటో ఎందుకురా, రేపు బతుకమ్మ మీద జూస్తవు గదా" అంది ఒకామె. "వాళ్ళ బావ దూడకు దింపిండు గదా, వీనికి గూడ ఏదన్న గావాలె" అంది చిన్నవ్వ. (ఆమె మీద కోపం నాకు చాలా కాలం ఉంది.)

"తమ్మీ, పొద్దు గూకుతున్నది. జల్ది గానియ్యి" అంది అక్క.

"జర ఆగు అక్కా. గా నడిమి మబ్బు ఇంక జర కిందికి రావాలె."

"మబ్బును గూడ నిలవెడుతున్నవా? పెండ్లిల పెద్దమనుషులను 'జర ఇటు జరుగున్రి' అని నిలవెట్టినట్టు?"

చేతులు జోడించాను. "ఒక్క మాట. తంగేడు ముట్టకున్రి. గా పక్క గునుగున్నది, ఎంత గావాల్నంటే అంత తీస్కపోన్రి."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "తంగేడును ఇయ్యాల ఎవలు తెంపుతర్రా? తెల్లారేసరికి వాడిపోదా? అది పొద్దుగాల తెంపేది. మేమొచ్చిందే గునుగుకు, అదైతే నాలుగొద్దులు గూడ ఉంటది. గిందుకేనా గింత గుంజులాట?"

వాళ్ళు గునుగు మీద పడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ బంట్రోతు పూలు పోతే నా బొమ్మకు ఇంకా శుభ్రం అనుకున్నాను. ఇంతలో కాల్చిన మక్కకంకి కొరుక్కుంటూ, ప్లేటు డబ్బాను తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకుని బావ వచ్చాడు. నేను ఇన్నాళ్ళు దాచిన చోటు ఎట్లా తెలిసిందని అడిగితే "మీ అక్క గునుగుకు ఈడికే వస్తనన్నది" అన్నాడు. పని కానిచ్చేయాలని నేను నా ప్లేటు ఎక్కించాను. నీడలో పడ్డ పూలు సరిగా రావాలంటే మూత బాగా ఎక్కువసేపు తీయాలని నా పుస్తకంలో లెక్క. మూత తీసి మనసులో అంకెలు చదవడం మొదలుపెట్టాను.

"బామ్మర్దీ, గంతసేపా? మబ్బు కాలిపోతది" అన్నాడు బావ, కంకి నములుతూ.

"నా లెక్క నాకున్నది బావా. జర సప్పుడు జెయ్యకు."

అంకెలన్నీ చదివాకే మూత పెట్టాను. ఇప్పుడు ఆయన వంతు. ఉన్నది ఒకటే కెమెరా, ఇవ్వక తప్పదు. కానీ నేను పాతిన రాయి మీద ఆయన మోకాలు పెట్టడం ఊహించుకుని దానికి అడ్డంగా నిలబడ్డాను. "బావా, తంగేడు నాది. నేను ఎతికిన జాగ" అన్నాను.

"నీదే తియ్యరా. నాకు తంగేడెందుకు? గునుగేమన్న మిగిలిందా?"

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. దేవిడీ దివాన్‌ఖానాకు గునుగు! నా అసూయకు అంతకంటే రుచిగల ముద్ద ఎన్నడూ దొరకలేదు. నేనే కెమెరా ఎత్తుకుని ముందు నడిచాను. "గీడికి రా బావా, ఈ ఒడ్డు మీద మస్తు పొడుగున్నయి" అని, ఆడవాళ్ళు ఇంకా చేరని చోట, అన్నిటికంటే ఎత్తైన గునుగు గుత్తిని వెతికి మరీ చూపించాను. అక్క అటు చేయి చాస్తుంటే బావ "జర ఆగు, అవి తెంపకు" అన్నాడు. అంతే, ఆమె చేయి వెనక్కి తీసుకుంది. వెంట ఉన్నవాళ్ళు కూడా గంపలు దించి నిలబడ్డారు. నేను చేతులు జోడిస్తే గానీ ఆగనివాళ్ళు!

బావ కెమెరా కాళ్ళు విడదీసి నేలకు దించాడు. తువ్వాల పరచుకుని బోర్లా పడుకుని నల్లగుడ్డలో దూరాడు. అంత కింది నుంచి చూస్తే గునుగు కంకులు మబ్బుల్లోకి పొడుచుకుపోతున్నాయి. బయటికి వచ్చి ఆకాశం చూశాడు. మూత తీశాడో లేదో కూడా నాకు తెలియలేదు, పెట్టేశాడు.

"అయ్యిందా?" అన్నాను.

"అయ్యింది."

ఆ రోజు డైరీలో ఇట్లా రాశాను: "బావ. గునుగు. మూత తీసినది రెప్పపాటు. ఫలితం సున్న, ఇది ఖాయం." దుకాణానికి వచ్చి ఎర్ర లాంతరు వెలుతురులో రెండు ప్లేట్లూ కడిగి ఆరబెట్టాం. తడి ప్లేటు మీద నా తంగేడు పూలు తెల్లగా మెరుస్తున్నాయి. ప్లేటు మీద తెల్లగా ఉన్నది కాగితం మీద నల్లగా వస్తుందని మా దుకాణంలో పిల్లికి కూడా తెలుసు. కానీ గెలిచాననుకున్నవాడికి తెలిసిన విషయాలు కూడా గుర్తుకు రావు.

మరుసటి రోజు పొద్దున, ఎండ వాకిట్లోకి రాగానే రెండు ప్లేట్ల కింద కాగితాలు పెట్టి చట్రాలు ఎండలో ఉంచాం. ఉస్తాద్ మంచం వాకిట్లోకి వేయించుకున్నాడు. ముందు నాది తీశాను. ఉస్తాద్ దాన్ని ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"మున్షీ, గీ చేను ఎప్పుడు తగలబడ్డది?"

తీసుకుని చూశాను. ముందంతా మసి. కొమ్మకొమ్మకూ నల్లటి మచ్చలు, బొగ్గులు వేలాడుతున్నట్టు. మబ్బుల కొండలు ఉండాల్సిన చోట ఉత్త సున్నం గోడ. సరిగ్గా అప్పుడే అక్క తలస్నానం చేసి, తెల్లవారుజామున నా వాలు మీదనే తెంపిన తంగేడు గంపతో, బావకు పొద్దుటి తిండి ఇవ్వడానికి దుకాణం ముందు ఆగింది. నా చేతిలోని కాగితం తొంగి చూసింది. గంపలోని పసుపు పూలను చూసింది. మళ్ళీ కాగితం చూసింది.

"ఇదేందిరా తమ్మీ? తంగేడు మొకం మీది పసుపు కడగలేదా? తడిగుడ్డ మరిసినవా?"

ఉస్తాద్ మంచం మీద పడి నవ్వాడు. ఆయన దగ్గు ఆగేదాకా నేను నా కాలి బొటనవేలును చూస్తూ నిలబడ్డాను. ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురికీ తడిగుడ్డ అందించినవాణ్ణి, గుట్టంత పసుపు ఎదురుగా పెట్టుకుని కనిపెట్టలేకపోయాను.

బావది తీశారు. దాని గురించి తక్కువ రాస్తాను, ఇప్పటికీ సులువు కాదు. గునుగు కంకులు దీపాల్లా వెలుగుతూ ఆకాశంలోకి లేచాయి. వాటి వెనక సన్నగా వెండి చెరువు. పైన, రెండు పాళ్ళ నిండా, మబ్బుల కొండలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతూ, సందుల్లోంచి ఎండ కారుతూ. తెల్లటి పూలకూ మబ్బుకూ ఒకే రెప్పపాటు సరిపోయింది. ఉస్తాద్ దాన్ని ముక్కుకు ఆనించి, దూరం పెట్టి, మళ్ళీ ఆనించి, "సుభానల్లా" అన్నాడు. మఖ్మల్ గుడ్డ విప్పి చౌడా షీషాను బావ చేతిలో పెట్టాడు.

"జాగ మాత్రం మున్షీ జూపిచ్చిండు ఉస్తాద్. గునుగు గుత్తి గూడ వాడే ఎతికిండు" అన్నాడు బావ. మంచితనంతోనే అన్నాడు. అదే మరీ బాధ.

"బావా, గునుగే దింపాలని నీకెట్ల తట్టింది?" అని అడిగాను. ఏదో గొప్ప విద్య చెబుతాడనుకున్నాను. బావ అక్క వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "మీ అక్క పొద్దుమాపు ఒకటే మాట గదా, పసుపు మొకం నల్లగొచ్చిందని. నాకు తంగేడును జూస్తే మీ అక్క పెండ్లి ఫోటో యాదికొచ్చి భయమైంది."

అదీ దామాద్ ఆంఖ్. అంత పెద్ద విద్య మా ఇంట్లోనే, రోజూ మూడు పూటలా, ఉచితంగా చెప్పేవాళ్ళు. నేను వినలేదు, అంతే.

నేను నా కాగితం చుట్టబోతుంటే ఉస్తాద్‌కు చప్పుడు వినబడినట్టుంది. "ఫికర్ చెయ్యకు మున్షీ. నీ బొమ్మ గూడ పారేసుడెందుకు? ఖాళీ ఆస్మాన్ ఉన్నది గదా" అని లోపలికి చేయి చూపించాడు. ఏం తెమ్మంటున్నాడో నాకు వెంటనే అర్థమైంది. వద్దనడానికి నోరు రాలేదు. నా చేతులతోనే తెచ్చాను, నా చేతులతోనే నల్లకాగితం కప్పాను, నా చేతులతోనే ఎండలో పెట్టాను. కాసేపటికి తగలబడ్డ నా చేను మీద రెండు చెవులు తేలాయి, తర్వాత ముట్టె, చివరికి ఎత్తిన తోక.

ఆ బొమ్మ ఇప్పుడు నా కుర్చీకి ఎదురుగా గోడ మీద ఉంది. అక్క, బావ పోయి చాలా కాలమైంది. గునుగు బొమ్మ ఏ దేవిడీతో ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. మిగిలింది ఇదొక్కటే. నేల నాది, ఆకాశం బావది. ఇంటికి వచ్చినవాళ్ళు దాని ముందు ఆగినప్పుడల్లా నేను పత్రిక మడిచి, ఈసారైనా తంగేడు గురించి ఎవరైనా అడుగుతారేమోనని ఎదురు చూస్తాను. "అరే, ఈ మబ్బు అచ్చం దూడలా ఉందే! ఎవరు తీశారు?" అంటారు. మా బావ తీశాడని చెబుతాను. ఇప్పుడు నోరు బాగానే వస్తోంది.